శరీరజ్ఞానం – అనాథ శరీరం

శవాన్ని కోయకుండా శరీరాన్ని తెలుసుకోవచ్చునా అన్న ప్రశ్న వైద్యులకు సంబంధించినదనీ, తెలుగు ఎమ్మే చదివి కాలేజీలో ప్రబంధాలు చెప్పుకునేవాడికి దానితో పనిలేదనీ ఎవరైనా అంటే నేను కాదనను. శరీరశాస్త్రంలో నాకున్న పరిజ్ఞానం మా అక్కయ్య కూతురి పుస్తకాలు తిరగేసినంత మటుకే. కాని ఆ ప్రశ్న వెనకాలే ఇంకో ప్రశ్న ఉంది: ఎవరి శవాన్ని? ఈ రెండోది ఒక్క వైద్యులకే వదిలిపెట్టదగిన ప్రశ్న కాదు. కొత్త యంత్రం ఒకటి వచ్చి మొదటి ప్రశ్నకు జవాబు చెపుతున్నానంటూ రెండోదాన్ని మన కళ్ళముందు నుంచి తప్పించేస్తున్నదని నాకు అనుమానం. ఆ అనుమానాన్ని మీ ముందు పెట్టటానికే ఈ వ్యాసం.

మా మేనకోడలు ఒక ప్రైవేటు వైద్య కళాశాలలో మొదటి సంవత్సరం చదువుతూ ఉండగా అక్కడ ఒక ప్రదర్శన జరిగింది. తల్లిదండ్రులను కూడా రమ్మన్నారు. బావ ఊళ్ళో లేడు కనక నేను వెళ్ళాను. సెమినారు హాల్లో ఒక ఖాళీ బల్ల. దాని చుట్టూ పిల్లలు. తలకు తొడుక్కునే కళ్ళజోడు లాంటి పరికరం ఒకటి చేతికిచ్చారు. దాని అద్దాల్లోంచి గది మామూలుగానే కనిపిస్తుంది, బల్ల కనిపిస్తుంది, పక్కన నిలబడ్డ మనిషి కనిపిస్తాడు. కాని బల్లమీద ఇప్పుడు ఒక శరీరం కూడా పడుకుని ఉంది. చుట్టూ తిరిగితే అది కదలదు. మనం ఏ పక్కకు వెళితే ఆ పక్క కనిపిస్తుంది. చర్మం తీసెయ్యమంటే చర్మం పోయింది. కండరాలు పోయాయి. గుండె ఒక్కటే గాలిలో కొట్టుకుంటూ మిగిలింది. నేను చెయ్యి చాచాను. చెయ్యి గుండెలోంచి అవతలికి పోయింది. పిల్లలు నవ్వారు, మొదటిసారి అందరూ అదే పని చేస్తారట.

దీన్ని ఆగ్మెంటెడ్ రియాలిటీ అంటున్నారు. 'వర్ధిత వాస్తవం' అని తెలుగు చెయ్యవచ్చుననుకుంటాను. వాస్తవం వర్ధిల్లటమంటే ఏమిటో నాకు బోధపడదు గాని, ఉన్న వాస్తవం మీద లేని బొమ్మను నిలబెట్టటం అనుకుంటే సరిపోతుంది. పరికరంలో ఉన్న కెమెరాలు గదిని కొలుస్తూ ఉంటాయి. తల ఎటు తిరిగిందో క్షణక్షణం లెక్క కట్టి, బొమ్మ ఉన్నచోటే ఉన్నట్టు భ్రమ కలిగిస్తాయి. అమెరికాలో కేస్ వెస్టర్న్ రిజర్వ్ విశ్వవిద్యాలయం, క్లీవ్‌లాండ్ క్లినిక్ కలిసి మైక్రోసాఫ్ట్ వారి హోలోలెన్స్ అనే పరికరంతో ఈ పద్ధతిలో శరీరశాస్త్రం చెప్పటం ప్రారంభించాయి. ఆ పరికరం లోకానికి తెలిసింది 2015లో.

తిరిగివచ్చేటప్పుడు బస్సులో మా మేనకోడలు, "అందులో ఉన్నవాడి చేతులు చూశావా మామయ్యా?" అంది. చూడలేదన్నాను. "నున్నగా ఉన్నాయి. మా బల్లమీద ఉన్నాయనకి అరచేతుల నిండా కాయలు."

"ఆయన అంటున్నావే!" అన్నాను.

"మరేమనాలి?"

ఆ పిల్ల మాటకు నా దగ్గర సమాధానం లేకపోయింది. 2019లో దేశంలో వైద్యవిద్య పాఠ్యప్రణాళిక మారినప్పుడు, శవమే మన మొదటి గురువు అన్న అర్థం వచ్చే పాఠం ఒకటి అందులో చేర్చారు. అది మంచి పనే. కాని మా మేనకోడలు 'ఆయన' అన్నది పాఠం వల్లనో, కాయల వల్లనో నేను చెప్పలేను.

యంత్రం పేరెత్తగానే మనిషితనం పోయిందని గుండెలు బాదుకునే వారితో నాకు పేచీ ఉంది కనక, ఈ యంత్రం వల్ల నిజంగా కలిగే మేలేమిటో ముందు చెపుతాను. 1895లో రాంట్‌జెన్ తన భార్య చేతి ఎముకల నీడను పట్టి చూపించిన నాటినుంచి వైద్యుడు బతికున్న శరీరం లోపలికి చూడగలుగుతున్నాడు. అయితే ఆ చూపు నేర్చుకోవటం సులభం కాదు. 1971లో లండనులో ఒక రోగి తలకు మొట్టమొదటి సీటీ స్కాను తీశారు. సీటీ స్కాను శరీరాన్ని పలచటి అడ్డుకోతలుగా చూపిస్తుంది. ప్రతి కోతా నలుపు, తెలుపు, బూడిదరంగు మరకల పటం. పైగా రోగి కాళ్ళదగ్గర నిలబడి చూస్తున్నట్టు దాన్ని చదవాలి, కనక రోగి కుడిపక్క బొమ్మలో మనకు ఎడమపక్కన ఉంటుంది. కాలేయం ఎడమవైపు కనిపించి మొదటి నెల అంతా మా మేనకోడలు తికమకపడింది. వందల కొద్దీ కోతలను మనసులో ఒకదానిమీద ఒకటి పేర్చి, మళ్ళీ నిండు మనిషిని కట్టుకోవటమే రేడియాలజీలో అసలు విద్య. ఆ కోతను తెచ్చి శరీరంలో దాని చోట దాన్ని నిలబెట్టి, ఇదుగో ఈ మరకే ఈ కాలేయం అని కళ్ళెదుట చూపించగల సాధనం దొరికితే వద్దనేవాడు ఛాందసుడు. మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయం వారు 2012లో ఒక అద్దాన్ని ప్రకటించారు. దాని ముందు నిలబడితే మన పొట్టమీదనే లోపలి అవయవాలు కనిపిస్తాయి. కనిపించేవి మనవి కావు, మరెవరివో. అయినా నా శరీరంలో ఇది ఇక్కడుంటుందన్న జ్ఞానం పుస్తకంలో పటం చూసినదానికన్న గట్టిగా నాటుకుంటుందనటంలో సందేహం లేదు.

మరి లోపమెక్కడ? పటంలో ధమని ఎర్రగా, సిర నీలంగా, నాడి పసుపుపచ్చగా ఉంటాయి. ఆ కళ్ళజోడులోనూ అంతే. బల్లమీది శరీరంలో అన్నీ ఒకే మట్టిరంగు. కొవ్వులోనుంచి, పొరల్లోనుంచి నాడిని విడదియ్యాలి. కత్తి తొందరపడితే అది తెగిపోతుంది. తెగిపోయాక గాని అదే నాడి అని తెలియదు. అలా రెండుమూడు తెంపినమీదట చెయ్యి నెమ్మదిస్తుంది. పదార్థం మన ఇష్టానికి లొంగకపోవటం వల్లనే దాన్ని గురించిన జ్ఞానం పుడుతుందన్నది భౌతికవాదంలో ఓనమాలు. మనిషి చెయ్యి శ్రమకు సాధనమే కాదు, శ్రమవల్ల తయారయినది కూడా అని ఎంగెల్స్ చెప్పాడు. ఎదురు చెప్పని గుండెలోంచి దూసుకుపోయే చెయ్యి అవతలికి పోతుంది గాని ఏమీ నేర్చుకోదు.

ఇంకొకటి. పటంలోని మనిషి సగటు మనిషి. అలాంటి మనిషి ఎక్కడా పుట్టలేదు. కావలిస్తే మీరే చూసుకోండి: బొటనవేలూ చిటికెనవేలూ కలిపి, మణికట్టును కొంచెం లోపలికి వంచితే మణికట్టు నడుమ ఒక నరంలాంటి తాడు పైకి లేస్తుంది. అది ఒక చిన్న కండరం తాలూకు స్నాయువు. కొందరికి అది లేవదు, ఎందుకంటే ఆ కండరమే ఉండదు. లేనందువల్ల వారికి లోటూ లేదు. అందరి విషయంలోనూ ఇంత తేలిగ్గా పోదు. పిత్తాశయం దగ్గరి నాళాలూ ధమనులూ మనిషి మనిషికీ మారతాయి. పటంలో ఉన్నచోటే ఉంటాయని నమ్మి కోసిన సర్జన్ రోగి ప్రాణం మీదికి తెస్తాడు.

శరీరాన్ని పుస్తకంలో చదివి తృప్తిపడటం కొత్త జబ్బేం కాదు. మధ్యయుగాల ఐరోపాలో ఆచార్యుడు ఎత్తయిన పీఠం మీద కూర్చుని గేలెన్ గ్రంథం చదివేవాడు. కింద ఒక మంగలి శవాన్ని కోసేవాడు. మరొకడు బెత్తంతో చూపించేవాడు. చదివేవాడు ముట్టుకోడు, ముట్టుకునేవాడు చదవడు. గేలెన్ కోసినవి కోతులూ పందులూ. కనక ఆయన మనిషి కింది దవడ రెండెముకలన్నాడు. కళ్ళముందు ఒకే ఎముక కనిపిస్తున్నా పీఠం మీద పాఠం మారలేదు. వెసేలియస్ అనే యువకుడు పాడువాలో ఆ పీఠం దిగివచ్చి కత్తి తనే పట్టాడు. 1543లో ఆయన గ్రంథం అచ్చయింది. మన దేశంలో జరిగింది దీనికి తిరగబడ్డ కథ. సుశ్రుత సంహితలో శవాన్ని గడ్డితో చుట్టి, పంజరంలో పెట్టి, పారే నీటిలో ఏడు రాత్రులు నానవేసి, పొరపొరా కుంచెతో రాసి చూడాలని ఉంది. శాస్త్రం చదవటం, కళ్ళతో చూడటం రెండూ కలిస్తేనే జ్ఞానం పెరుగుతుందన్నది ఆ గ్రంథకర్త మతం. ఆ తరవాత ధర్మశాస్త్రాలు వైద్యుడి అన్నం తినరాదన్నాయి. ముట్టుకునే విద్యను మైల చేసిన సమాజం విద్యనే పోగొట్టుకున్న వైనాన్ని దేవీప్రసాద్ చట్టోపాధ్యాయ వివరంగా రాశాడు. 1836లో కలకత్తా వైద్య కళాశాలలో మధుసూదన్ గుప్తా మళ్ళీ కత్తి పట్టేదాకా మనకు ఆ తలుపు మూసే ఉంది. తెరిచినా పూర్తిగా తెరుచుకున్నదా? మా మేనకోడలి కళాశాలలో తొట్టిలోనుంచి శవాన్ని పైకి తీసి, కడిగి, బల్లమీద పడుకోబెట్టే మనిషి ఏ కులంవాడో నేను అడగలేదు. మీరు కూడా అడగక్కర్లేకుండానే తెలుసుకోగలరు.

ఇంతవరకు వచ్చాక, శవాన్ని కోస్తే గాని మంచి వైద్యుడు కాడనీ, శవం ఎదుట నిలబడితే మానవత్వం దానంతటదే వస్తుందనీ అనెయ్యటం సులభం. నేను ఆ మాట అనను. ఈ రోజు కార్పొరేటు ఆసుపత్రుల్లో అక్కర్లేని పరీక్షలు రాస్తున్న చేతులు కూడా ఒకప్పుడు శవాన్ని కోసిన చేతులే. శవం నాడి ఎక్కడుందో నేర్పుతుంది, నీతిని నేర్పదు. నేర్పుతుందనుకోవటం భావవాదం. నీతి ప్రశ్న శవాన్ని కోసేచోట కాదు, శవం అక్కడికి వచ్చిన దారిలో ఉంది.

ఆ దారి ఏమిటి? ఇంగ్లండులో 1752 చట్టం ఉరితీసిన హంతకుల శవాలను శరీరశాస్త్రజ్ఞులకు ఇచ్చింది. అవి చాలలేదు. సమాధులు తవ్వి శవాలు దొంగిలించి అమ్మేవాళ్ళు తయారయ్యారు. 1828లో ఎడిన్‌బరోలో బర్క్, హేర్ అనే ఇద్దరు తవ్వే శ్రమ కూడా ఎందుకనుకుని పదహారుమందిని చంపి అమ్ముకున్నారు. చచ్చినవాళ్ళు బిచ్చగాళ్ళు, దేశదిమ్మరులు, వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు లేనివాళ్ళు. బర్క్‌ను ఉరితీసి, అతన్నీ కోసి, అస్థిపంజరాన్ని ఆ విశ్వవిద్యాలయంలోనే భద్రం చేశారు. అప్పుడు పార్లమెంటు ఏం చేసింది? 1832లో కొత్త చట్టం తెచ్చి, పేదల శరణాలయాల్లో చచ్చిపోయి ఎవరూ అడగనివాళ్ళ శవాలను వైద్యవిద్యకు ఇమ్మంది. అంతకుముందు హత్యకు వేసిన శిక్ష ఇకమీదట దరిద్రానికి పడిందని రూత్ రిచర్డ్‌సన్ అనే చరిత్రకారిణి 1987లో ఒక పెద్ద గ్రంథమే రాసింది. మన రాష్ట్రాల అనాటమీ చట్టాల్లో ఈనాటికీ ఉన్న 'అన్‌క్లెయిమ్‌డ్' అన్న మాట ఆ వంశంలోదే. తెలుగులో దాన్ని అనాథ శవం అంటున్నాం. అనాథ అనటంలో చచ్చిపోయినవాడి దురదృష్టం ధ్వనిస్తుంది. అన్‌క్లెయిమ్‌డ్ అంటే మనం అడగలేదని. ఈ ఒక్కచోట ఇంగ్లీషు మాటే నిజాయితీగా ఉంది.

అడగనివాళ్ళలో నేనూ ఉన్నాను. మా ఊరి బస్టాండు దగ్గర ఒక ముసలాయన గోళీసోడాలు అమ్మేవాడు. డిగ్రీ చదివే రోజుల్లో ఎన్నోసార్లు నాకు అరువిచ్చాడు. ఒక ఎండాకాలం బండి కనిపించలేదు. నేను పరీక్ష పేపర్లు దిద్దుకునే హడావిడిలో ఉన్నాను. మూడు నెలల తరవాత పక్క బడ్డీకొట్టువాడు చెప్పాడు: పెద్దాసుపత్రిలో పోయాడట, ఎవరూ రాలేదట, కాలేజీకి ఇచ్చేశారట. నేను వెళ్ళి అడిగితే ఇచ్చేవారో లేదో తెలియదు. అడగలేదన్నది మాత్రం నిజం. అడిగినా ఏ పేరు చెప్పి అడిగేవాణ్ణి? అందరమూ సోడాతాత అనేవాళ్ళం. ఆయన పేరు నాకు తెలియదు.

ఇక్కడే కొత్త యంత్రం తరఫువాళ్ళు ఒక గట్టి వాదం చేస్తారు. ప్రదర్శనలో మాట్లాడినాయన కూడా చేశాడు. "ఇకమీదట ఏ పేదవాడి శవమూ అక్కర్లేదండి, బొమ్మతోనే సరిపోతుంది." ఈ మాట విన్నప్పుడు నాకు నిజంగా సంతోషం కలిగింది. ఇంటికి వచ్చి చదవటం మొదలుపెట్టాక సంతోషం నిలవలేదు. బొమ్మ శూన్యంలోనుంచి రాదు. శరీరశాస్త్రపు డిజిటల్ బొమ్మలకు మూలాధారాలలో ఒకటి అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం వారి విజిబుల్ హ్యూమన్ ప్రాజెక్టు. టెక్సాస్‌లో 1993లో మరణశిక్ష అమలు జరిగిన ఒక ఖైదీ శరీరాన్ని గడ్డకట్టించి, మిల్లీమీటరు చొప్పున పైనుంచి అరగదీస్తూ, ఒక్కొక్క పొరకూ ఫొటో తీశారు. మొత్తం 1871 పొరలు. 1994లో అవి లోకానికి అందాయి. మరుసటి సంవత్సరం మేరీలాండుకు చెందిన 59 ఏళ్ళ గృహిణి శరీరాన్ని మిల్లీమీటరులో మూడోవంతు చొప్పున అరగదీసి అయిదువేలకు పైగా ఫొటోలు చేర్చారు. ఆ ఖైదీ తన శరీరం శాస్త్రానికి ఇస్తున్నట్టు సంతకం చేశాడు. ఉరికంబం నీడలో పెట్టిన సంతకాన్ని స్వేచ్ఛ అనవచ్చునా అని అప్పుడే కొందరు అడిగారు. 1752 నాటి చట్టం 1993లో కంప్యూటరు గుండా తిరిగివచ్చిందంటే అతిశయోక్తి అవుతుందేమో. కాని బొమ్మలోనూ శవం ఉంది. అరగదీసినందువల్ల కనిపించదు, అంతే. దీనికన్న ఘోరమైన ఉదాహరణ కాగితం మీదే ఉంది. వియన్నాలో పెర్న్‌కాఫ్ అనే నాజీ ఆచార్యుడు తయారు చేయించిన పటాలు అందంలో సాటిలేనివి. ఆ విశ్వవిద్యాలయమే 1990ల చివర విచారణ జరిపితే, నాజీల కాలంలో అక్కడి అనాటమీ సంస్థకు మరణశిక్ష పడినవారి శవాలు 1,377 అందినట్టు తేలింది. ఆ పటాలు చూసి నాడిని కాపాడిన సర్జన్లు ఉన్నారు. ఆ పుస్తకం అలమారలో ఉంచాలా తీసెయ్యాలా అని ఈనాటికీ తర్కించుకుంటున్నారు.

పాతవాటి సంగతి ఎందుకు, మన సంగతి చూడండి. సగటు మనిషి చాలడనీ, తేడాలు తెలియాలనీ నేనే పైన రాశాను. యంత్రం దానికీ జవాబు చెపుతుంది: వేలమంది సీటీ స్కానులు ఎక్కించి వేలరకాల శరీరాలు చూపిస్తానంటుంది. చూపించగలదు కూడా. ఆ స్కానులు ఎవరివి? ప్రభుత్వ ఆసుపత్రిలో తెల్లవారుజామున వచ్చి వరసలో కూర్చున్న వ్యవసాయ కూలీ స్కాను మీద, ఇది పాఠానికి పనికొస్తుంది, వాడుకోవచ్చునా అని ఎవరైనా అడుగుతారా? పేరు తీసేశాం గనక పరవాలేదంటారు. 2023లో మనకు వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. మనిషిని గుర్తుపట్టటానికి వీల్లేని సమాచారం వ్యక్తిగతమే కాదన్న వాదన ఇలాంటి చట్టాలు ఉన్న ప్రతిచోటా వినిపిస్తుంది. దీన్ని కాస్త తరచి చూడండి. పేరు లేదు గనక అడగవలసినవాడు లేడు, అడగవలసినవాడు లేడు గనక తీసుకోవచ్చు – 1832లో శరణాలయపు అధికారి చేసిన తర్కం ఇదే. అప్పుడు పేరు దరిద్రం వల్ల పోయేది. ఇప్పుడు మనమే తీసేస్తున్నాం, అతని మేలుకోసమే అంటూ.

ఈ యంత్రం పుట్టుక కూడా ఒకసారి గుర్తుచేసుకోవాలి. 'ఆగ్మెంటెడ్ రియాలిటీ' అన్న మాట 1990ల మొదట్లో బోయింగ్ విమానాల కంపెనీలో పుట్టింది. విమానంలో వేసే తీగల కట్టలు అల్లే కార్మికుడు కాగితం నకషా చూసుకుంటూ అల్లేవాడు. ఆ నకషాను అతని కళ్ళముందే పలకమీద నిలబెట్టి, ఈ తీగ ఇక్కడ, ఆ తీగ అక్కడ అని చూపిస్తే పని త్వరగా తెములుతుందని ఇంజనీర్లు ఆలోచించారు. కార్మికుడికి శ్రమ తగ్గింది నిజమే. నకషాను చదివే నేర్పు కూడా అతని చేతిలోనుంచి పరికరంలోకి వెళ్ళింది. మరి ఆ పరికరం ఎవరి చేతిలో ఉంది? హోలోలెన్స్ తయారీని మైక్రోసాఫ్ట్ 2024లో ఆపేసింది. దాన్ని నమ్ముకుని పాఠాలు తయారు చేసుకున్న కళాశాలలు ఇంకో కంపెనీ గుమ్మం ఎక్కాలి. రాంట్‌జెన్ తన కిరణాలకు పేటెంటు తీసుకోలేదు, లోకానికి వదిలేశాడు. అందుకనే అవి నాలుగు నెలలు తిరక్కుండా దేశదేశాల ఆసుపత్రులకు చేరాయి.

కనక బొమ్మ వద్దని కాదు నా వాదం. రేడియాలజీ చెప్పటానికి ఆ కళ్ళజోడు ప్రభుత్వ కళాశాలల్లోనే ముందు రావాలి. ప్రైవేటు కళాశాల ఫీజుల కరపత్రంలో అలంకారంగా కాదు. బొమ్మ వచ్చింది గనక శవాన్ని గురించి మాట్లాడక్కర్లేదన్నదగ్గరే నాకు అభ్యంతరం. అడగకుండా తీసుకున్న శరీరాల మీద మన వైద్యం నిలబడి ఉంది. దానికి విరుగుడు అడిగి తీసుకోవటం, అడక్కముందే ఇవ్వటం. ఈ విషయంలో మనవాళ్ళు కొందరు మాటలతో ఆగలేదు. 2010లో జ్యోతిబసు శరీరం కలకత్తాలో వైద్య విద్యార్థులకు చేరింది. 2024 సెప్టెంబరులో సీతారాం ఏచూరి శరీరం ఢిల్లీ ఎయిమ్స్‌కు, అక్టోబరులో ప్రొఫెసర్ సాయిబాబా శరీరం హైదరాబాదు గాంధీ వైద్య కళాశాలకు వెళ్ళాయి. అయితే ఇలా పేరున్నవారి శరీరాలు కొన్ని చేరినంత మాత్రాన తొట్టిలో పేరులేనివారి లెక్క తగ్గదని కూడా నాకు తెలుసు. చదువుకున్న మధ్యతరగతివాళ్ళం, మన పిల్లలు డాక్టర్లు కావాలని అప్పులు చేసేవాళ్ళం, ఆ పిల్లలు కోసే శరీరం మాత్రం ఎవరిదో కావాలనుకుంటున్నాం.

పోయిన నెల నేను శరీరదానపు కాగితం తెచ్చుకున్నాను. నా సంతకం ఒక్కటే చాలదు. దగ్గరి బంధువులు ఇద్దరు సాక్షులుగా సంతకం పెట్టాలని అందులో ఉంది. వాళ్ళు చివర్లో కాదంటే నా సంతకానికి విలువ లేదన్నమాట. మా మేనకోడలు అక్కడికక్కడే పెట్టింది. మా అమ్మ కాగితం చేతిలోకి తీసుకుని, కళ్ళజోడు పెట్టుకుని, మొదటినుంచి చివరిదాకా చదివింది. "తరవాత మాకేమైనా ఇస్తారా?" అని అడిగింది. ఎముకలో, బూడిదో అని ఆవిడ ఉద్దేశం. కాలేజీలో అడిగి చెపుతానన్నాను. కాగితం దేవుడి అలమారలో పంచాంగం కింద పెట్టింది. ఇంకా అక్కడే ఉంది.